అక్షరాలు మారిన తునకకు చిరునామా వెతకడం: డీఎన్ఏ మిథైలేషన్ రీడ్లను జీనోమ్‌పై ఎలా అమరుస్తారు?

రక్త నమూనాలో క్యాన్సర్ ఆనవాళ్లు పట్టే పరీక్షల గురించి, డీఎన్ఏను బట్టి ఒంటి వయసు లెక్కగట్టే ‘గడియారాల’ గురించి ఈమధ్య వార్తలు తరచూ వస్తున్నాయి. వీటిలో చాలావాటికి ఆధారం డీఎన్ఏ మిథైలేషన్, అంటే డీఎన్ఏ మీద పడే ఒక చిన్న రసాయన గుర్తు. ‘ఈ స్థానంలో మిథైలేషన్ 70 శాతం’ అని నివేదికలో ఒక అంకె కనిపిస్తుంది. డీఎన్ఏ అక్షరాలను చదివే సీక్వెన్సింగ్ పద్ధతిలో ఆ అంకె యంత్రం నుంచి నేరుగా రాదు. యంత్రం ఇచ్చేది కోట్లకొద్దీ చిన్న చిన్న తునకల రాత మాత్రమే. ఒక్కో తునకను ‘రీడ్’ అంటారు. ప్రతి రీడ్ జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏ రాతలో, ఏ చోటు నుంచి వచ్చిందో పోల్చుకుని, అక్కడ పేర్చి, ఆ తరువాత లెక్కపెడితే ఆ శాతం తేలుతుంది. ఈ పోల్చుకునే పనినే అలైన్‌మెంట్, అంటే అమరిక అంటారు.

మామూలు డీఎన్ఏ విషయంలో అమరిక చాలావరకు పరిష్కారమైన సమస్యే. మిథైలేషన్ దగ్గరకు వచ్చేసరికి ఒక మౌలికమైన చిక్కు ఎదురవుతుంది. ఏ గుర్తును కొలవాలనుకుంటున్నామో, ఆ గుర్తే రీడ్ చిరునామాను మార్చేస్తుంది. ఈ రంగంలో వచ్చిన పద్ధతులన్నీ ఈ చిక్కుకు వెతికిన సమాధానాలే.

మిథైల్ గుర్తు యంత్రానికి ఎందుకు కనిపించదు

డీఎన్ఏ రాతలో అక్షరాలు నాలుగు: ఏ, సీ, జీ, టీ. రెండు పోగులు ఎదురెదురుగా ఉంటాయి. ఏకు ఎదురుగా టీ, సీకి ఎదురుగా జీ. మిథైలేషన్ అంటే సీ అక్షరానికి ఒక చిన్న మిథైల్ సమూహం అతుక్కోవడం. అక్షరం మారదు, దాని మీద ఒక గుర్తు పడుతుంది, అంతే. ఆ గుర్తు జన్యువులు ఎక్కడ ఎంత పని చేయాలన్నదాన్ని ప్రభావితం చేస్తుంది.

మనుషుల్లో ఈ గుర్తు ఎక్కువగా, సీ తరువాత జీ వచ్చే చోట్ల పడుతుంది. వీటిని సీపీజీ స్థానాలు అంటారు. మన జీనోమ్ పొడవు సుమారు 310 కోట్ల అక్షరాలు. అందులో సీపీజీ స్థానాలు దాదాపు 2.8 కోట్లు. మామూలు కణాల్లో వీటిలో 70 నుంచి 80 శాతం వరకు మిథైల్ గుర్తుతో ఉంటాయి.

సీక్వెన్సింగ్‌కు ముందు డీఎన్ఏను పీసీఆర్‌తో నకళ్లు తీస్తారు. నకలులో సీ మళ్లీ సీగానే వస్తుంది, దాని మీది గుర్తు మాత్రం రాదు. కాబట్టి నకలు తీయకముందే ఆ గుర్తును అక్షర భేదంగా మార్చాలి. 1992లో ఆస్ట్రేలియాలో మారియాన్ ఫ్రోమర్ బృందం ప్రచురించిన బైసల్ఫైట్ సీక్వెన్సింగ్ పద్ధతి చేసింది అదే. సోడియం బైసల్ఫైట్ కలిపితే మిథైల్ గుర్తు లేని సీ, యురాసిల్‌గా మారుతుంది. నకలులో అది టీగా కనిపిస్తుంది. గుర్తు ఉన్న సీ దాదాపు చెక్కుచెదరకుండా సీగానే మిగులుతుంది. అంటే చివరకు సీ కనిపిస్తే మిథైల్ ఉన్నట్టు, సీ ఉండాల్సిన చోట టీ కనిపిస్తే లేనట్టు.

పది అక్షరాల తునకను దగ్గరగా చూద్దాం

జీనోమ్‌లో ఒక చోట పై పోగు ఇలా ఉందనుకుందాం:

టీ-సీ-జీ-ఏ-సీ-ఏ-టీ-సీ-జీ-జీ

ఇందులో సీలు మూడు: రెండో స్థానంలో, ఐదో స్థానంలో, ఎనిమిదో స్థానంలో. రెండోదానికి మాత్రమే మిథైల్ గుర్తు ఉంది. బైసల్ఫైట్ తరువాత:

టీ-సీ-జీ-ఏ-టీ-ఏ-టీ-టీ-జీ-జీ

ఐదు, ఎనిమిది స్థానాలు టీ అయ్యాయి. ఇక కింది పోగును దాని దిశలో చదివితే అసలు రాత సీ-సీ-జీ-ఏ-టీ-జీ-టీ-సీ-జీ-ఏ. సీపీజీ రెండు పోగుల మీదా ఒకే జంటగా ఉంటుంది, గుర్తు కూడా సాధారణంగా రెండు వైపులా ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఎనిమిదో సీ నిలుస్తుంది, మొదటి రెండూ మారిపోతాయి:

టీ-టీ-జీ-ఏ-టీ-జీ-టీ-సీ-జీ-ఏ

ఇప్పుడు ఈ రెండు పోగులను ఎదురెదురుగా పెట్టి చూడండి. జత కుదరదు. రసాయనం తగిలిన తరువాత అవి వేర్వేరు రాతలు. పీసీఆర్ ఒక్కోదానికి ఎదురు పోగును కూడా తయారుచేస్తుంది కాబట్టి, ఒకే చోటు నుంచి నాలుగు రకాల రాతలు పుట్టవచ్చు. కింది పోగు నకలుకు ఎదురు పోగును చదివితే టీ-సీ-జీ-ఏ-సీ-ఏ-టీ-సీ-ఏ-ఏ అని వస్తుంది. అసలు పై పోగుతో పోల్చండి: చివరి రెండు జీలు ఏలుగా మారినట్టు కనిపిస్తాయి. అందుకే అమరిక చేసే సాఫ్ట్‌వేర్ ‘సీ నుంచి టీ’ మార్పును మాత్రమే కాదు, ‘జీ నుంచి ఏ’ మార్పును కూడా దృష్టిలో పెట్టుకోవాలి. నమూనాను తయారుచేసే విధానాన్ని బట్టి నాలుగు రకాలూ రావచ్చు, లేదా రెండే రావచ్చు. ఆ విషయం సాఫ్ట్‌వేర్‌కు తప్పుగా చెబితే, అమరాల్సిన రీడ్లలో పెద్ద భాగం అమరకుండా పోతుంది.

మామూలు సాఫ్ట్‌వేర్ ఎక్కడ తడబడుతుంది

మన జీనోమ్‌లో ప్రతి వంద అక్షరాల్లో సుమారు 20 సీలు ఉంటాయి. వాటిలో సీపీజీకి చెందినది సగటున ఒక్కటే. మిగతావాటికి చాలా కణాల్లో గుర్తు ఉండదు. అంటే వంద అక్షరాల రీడ్‌లో దాదాపు 19 అక్షరాలు మారిపోతాయి. మామూలు అమరిక సాఫ్ట్‌వేర్ ముందుగా రీడ్‌లోంచి ఇరవై అక్షరాల వంటి చిన్న ముక్క తీసుకుని, అది జీనోమ్ సూచికలో యథాతథంగా ఎక్కడుందో వెతుకుతుంది. అక్షరాలు యాదృచ్ఛికంగా చెదిరి ఉన్నాయనుకుంటే, వరుసగా ఇరవై అక్షరాల్లో ఒక్క సీ కూడా లేకుండా ఉండే అవకాశం నూటికి ఒకటి. కాబట్టి వెతుకులాట మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

దీనికి రెండు దారులు వచ్చాయి.

మొదటిది ‘వైల్డ్‌కార్డ్’ దారి. రీడ్‌లోని టీ, జీనోమ్‌లో టీతోనైనా సీతోనైనా సరిపోవచ్చు. రీడ్‌లోని సీ మాత్రం సీతోనే సరిపోవాలి. ఇది అసలు రసాయన చర్యకు కట్టుబడిన నియమం. బైసల్ఫైట్ సీని టీ చేయగలదు కానీ టీని సీ చేయలేదు. 2009లో వచ్చిన బీఎస్‌మ్యాప్ అనే సాఫ్ట్‌వేర్ ఈ దారిది.

రెండోది ‘మూడక్షరాల’ దారి. రీడ్‌లోని సీలన్నిటినీ టీలుగా మార్చేస్తారు. జీనోమ్‌లోని సీలన్నిటినీ కూడా టీలుగా మార్చేస్తారు. ఎదురు పోగు కోసం జీలను ఏలుగా మార్చిన మరో జీనోమ్ ప్రతిని ఉంచుకుంటారు. ఇప్పుడు రెండు వైపులా మూడే అక్షరాలు. మన ఉదాహరణలో రీడ్, జీనోమ్ రెండూ టీ-టీ-జీ-ఏ-టీ-ఏ-టీ-టీ-జీ-జీ అవుతాయి, అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. చిరునామా దొరికాక అసలు అక్షరాలను మళ్లీ బయటకు తీస్తారు. రెండో స్థానంలో జీనోమ్‌లో సీ, రీడ్‌లో సీ కాబట్టి గుర్తు ఉంది. ఐదు, ఎనిమిది స్థానాల్లో జీనోమ్‌లో సీ, రీడ్‌లో టీ కాబట్టి గుర్తు లేదు. 2011లో బ్రిటన్‌లోని బాబ్రహామ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన బిస్మార్క్, 2014 నాటి బీడబ్ల్యూఏ-మెత్ అనే సాఫ్ట్‌వేర్లు ఈ కోవలోవే. అప్పటికే ఉన్న మామూలు అమరిక సాఫ్ట్‌వేర్‌ను లోపల యథాతథంగా వాడుకోవడానికి వీలుండటం ఈ దారికి పెద్ద బలం.

పది అణువుల లెక్క: రెండు దారులూ ఎక్కడ విడిపోతాయి

నా దృష్టిలో ఈ విషయం మొత్తానికీ గుండెకాయ ఇక్కడే ఉంది. ఒక చిన్న లెక్క వేద్దాం.

జీనోమ్‌లో రెండు చోట్లు దాదాపు ఒకేలా ఉన్నాయి. మొదటి చోట ...ఏ-జీ-సీ-జీ-ఏ... అని ఉంటే, రెండో చోట ...ఏ-జీ-టీ-జీ-ఏ... అని ఉంది. రీడ్ పొడవు మొత్తంలో తేడా ఆ ఒక్క అక్షరమే. పునరావృత భాగాలు నిండి ఉన్న మన జీనోమ్‌లో ఇటువంటి జంటలు అరుదేమీ కావు. మొదటి చోటు నుంచి పది అణువులు చదివాం. నిజానికి ఐదింట్లో మిథైల్ ఉంది, ఐదింట్లో లేదు. అంటే సరైన జవాబు 50 శాతం. రెండో చోటు నుంచి కూడా పది రీడ్లు వచ్చాయి. అక్కడున్నది టీ కాబట్టి పదింట్లోనూ టీ ఉంటుంది.

వైల్డ్‌కార్డ్ దారిలో, సీ ఉన్న ఐదు రీడ్లూ మొదటి చోటుకే సరిపోతాయి. వాటి చిరునామా స్పష్టం. టీ ఉన్న పదిహేను రీడ్లూ రెండు చోట్లకూ సరిపోతాయి. ఎక్కడివో తేల్చలేక వాటిని పక్కన పెడతారు. మొదటి చోట చివరకు మిగిలేవి ఐదు రీడ్లు, ఐదింట్లోనూ సీ. జవాబు: 100 శాతం మిథైలేషన్. అసలు 50 ఉన్న చోట 100 వచ్చింది.

పారేయకుండా ఆ పదిహేను రీడ్లను యాదృచ్ఛికంగా రెండు చోట్లకూ పంచితే? మొదటి చోటుకు ఏడో ఎనిమిదో వస్తాయి. ఐదు సీలు, ఏడెనిమిది టీలు. జవాబు 40 శాతం దగ్గర తేలుతుంది. అదీ తప్పే.

మూడక్షరాల దారిలో రెండు చోట్లూ ఒకటే రాత అయిపోతాయి. ఇరవై రీడ్లూ అస్పష్టమే, ఇరవైనీ పక్కన పెడతారు. జవాబు: ఈ చోట సమాచారం లేదు.

తేడా ఎక్కడ వచ్చిందో గమనించండి. వైల్డ్‌కార్డ్ దారిలో రీడ్ లెక్కలోకి రావడమా రాకపోవడమా అన్నది దాని మిథైల్ స్థితి మీద ఆధారపడింది. గుర్తు ఉన్న రీడ్‌కు ఒక అక్షరం ఆధారం ఎక్కువ దొరుకుతుంది కాబట్టి అది సులువుగా లోపలికి వస్తుంది. ఓట్ల లెక్కింపులో ఒక పార్టీ ఓట్లు మాత్రమే చెల్లుబాటయ్యేలా నియమం పెట్టినట్టు అవుతుంది. మూడక్షరాల దారిలో సీ, టీ భేదాన్ని చెరిపేశాకే చిరునామా వెతుకుతారు. కనుక గుర్తు ఉన్నవీ లేనివీ ఒకే తూకంలో తూగుతాయి.

అయితే వైల్డ్‌కార్డ్ వైపు వాదన తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు

మూడక్షరాల దారి ఈ నిష్పక్షపాతానికి కట్టే మూల్యం ఎంతో చూడాలి. నాలుగు అక్షరాలతో ఇరవై అక్షరాల మాటలు లక్షా తొమ్మిది వేల కోట్లకు పైగా రాయవచ్చు. మూడక్షరాలతో రాయగలిగేవి సుమారు 348 కోట్లే. జీనోమ్ పొడవేమో 310 కోట్లు. అంటే ఒకప్పుడు ఇరవై అక్షరాలు ఒక చోటును నిక్కచ్చిగా చూపగలిగితే, ఇప్పుడు అవే ఇరవై అక్షరాలు అనేక చోట్లను చూపుతాయి. పైగా మార్పు తరువాత దాదాపు సగం అక్షరాలు టీలే అవుతాయి, కాబట్టి అసలు నష్టం ఈ లెక్క చెప్పేదానికంటే ఎక్కువ. ఆ మేరకు ఒకే చోట అమరే రీడ్లు తగ్గుతాయి.

రసాయనికంగా అసాధ్యమైన జతలను కూడా మూడక్షరాల దారి పట్టించుకోదు. రీడ్‌లో సీ, జీనోమ్‌లో టీ ఉంటే అది బైసల్ఫైట్ వల్ల వచ్చింది కాదు. వైల్డ్‌కార్డ్ దారి దాన్ని వెంటనే తప్పుగా గుర్తిస్తుంది. రెండూ టీలుగా మారాక మూడక్షరాల వెతుకులాటకు అది కనిపించదు.

ఈ రెంటి నడుమ మరో ఆలోచన ఉంది. ఒక్కో జతకు ఒక్కో మార్కు వేయడం. జీనోమ్ సీ మీద రీడ్ టీ పడితే శిక్ష లేదు, జీనోమ్ టీ మీద రీడ్ సీ పడితే శిక్ష ఉంది. లాస్ట్ వంటి సాఫ్ట్‌వేర్ ఈ తరహా మార్కుల పట్టికను వాడుతుంది. రీడ్లు పొడవుగా, ఒకే తునకను రెండు కొసల నుంచీ చదివిన జంటలుగా ఉన్నప్పుడు అస్పష్టమైన చోట్లు తగ్గుతాయి, అప్పుడు ఈ పద్ధతుల మధ్య తేడా కూడా చాలా చోట్ల చిన్నదైపోతుంది. నా మొగ్గు మాత్రం మూడక్షరాల వైపే. జవాబు లేని చోటు ఖాళీగా కనబడుతుంది, చదివేవారు జాగ్రత్త పడతారు. 50 ఉన్న చోట వచ్చిన 100, పక్కనున్న సరైన 100తో కలిసిపోతుంది, దాన్ని ఎవరూ వేరుచేయలేరు. కానీ పునరావృత భాగాలే పరిశోధన విషయమైతే, ఆ ఖాళీలు అధ్యయనం మొత్తాన్నీ మింగేస్తాయన్నది కూడా నిజమే.

మూడు నుంచి రెండుకు

2021లో వచ్చిన అబిస్మల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంకా ముందుకు వెళ్లింది. సీ, టీలను ఒక అక్షరంగా, ఏ, జీలను మరో అక్షరంగా చూసింది. సమాచారం ఇంకా తగ్గిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ‘సీ నుంచి టీ’, ‘జీ నుంచి ఏ’ రెండు మార్పులూ ఒకే దెబ్బకు మాయమవుతాయి. రెండు పోగులకు రెండు జీనోమ్ ప్రతులు అక్కర్లేదు, ఒక్క సూచిక చాలు. పోయిన సమాచారాన్ని ఎక్కువ పొడవున్న ముక్కలతో వెతికి రాబట్టుకుంటారు. రెండక్షరాలను వాడేది వెతుకులాట మొదటి మెట్టుకే. దొరికిన చోట్లను తరువాత పూర్తి అక్షరాలతో సరిచూస్తారు. జ్ఞాపకశక్తి తక్కువున్న కంప్యూటర్లలో ఇది గొప్ప వెసులుబాటు.

చిరునామా సరైనదే, అక్షరమే వేరైతే

అమరిక సరిగ్గా జరిగినా మరో ఉచ్చు ఉంది. పోలికకు వాడే ప్రామాణిక జీనోమ్‌లో సీ ఉన్న చోట, నమూనా ఇచ్చిన వ్యక్తికి పుట్టుకతోనే టీ ఉండవచ్చు. రీడ్‌లో టీ కనిపిస్తుంది, ‘మిథైల్ లేదు’ అని లెక్కపడుతుంది. నిజానికి అక్కడ గుర్తు పడటానికి సీయే లేదు.

ఇది అరుదైన ఇబ్బంది కాదు. మిథైల్ గుర్తు ఉన్న సీ, కాలక్రమంలో సహజంగానే టీగా మారే గుణం కలది. అందుకే పరిణామ క్రమంలో మన జీనోమ్‌లో సీపీజీలు బాగా తరిగిపోయాయి. అక్షరాల నిష్పత్తిని బట్టి వంద స్థానాలకు నాలుగు ఉండాల్సినవి ఒకటికి పడిపోయాయి. మనం కొలిచే చోట్లే, మనుషుల మధ్య సీ, టీ తేడాలు ఎక్కువగా ఉండే చోట్లు.

దీనికి మందు ఎదురు పోగులో ఉంది. బైసల్ఫైట్ జీని ముట్టుకోదు. పై పోగులో టీ రసాయనం వల్ల వచ్చిందైతే, ఎదురు పోగు నుంచి వచ్చిన రీడ్లలో ఆ స్థానంలో జీ ఉంటుంది. పుట్టుకతో వచ్చిన టీ అయితే ఏ ఉంటుంది. రెండు పోగుల నుంచీ తగినన్ని రీడ్లు ఉంటే తేల్చవచ్చు. 2012లో వచ్చిన బిస్-ఎస్‌ఎన్‌పీ అనే సాఫ్ట్‌వేర్ ఇటువంటి లెక్క మీదే నడుస్తుంది.

రసాయనం పూర్తిగా పనిచేయకపోవడం మరో సంగతి. ఎంత మారిందో తెలుసుకోవడానికి, మిథైల్ లేని లాంబ్డా ఫేజ్ వైరస్ డీఎన్ఏను కొద్దిగా నమూనాలో కలుపుతారు. దాని పొడవు 48,502 అక్షరాలే. అందులో సీలుగా మిగిలినవన్నీ మారకుండా పోయినవే కాబట్టి వైఫల్యం శాతం నేరుగా తెలుస్తుంది. కొందరు సీపీజీ కాని చోట్ల సీలు ఎక్కువగా మిగిలిన రీడ్లను, రసాయనం తగలనివిగా భావించి తీసేస్తారు. చాలా కణజాలాల్లో ఇది సబబే. మెదడులోని నాడీకణాల్లోనూ, మొక్కల్లోనూ మాత్రం సీపీజీ కాని చోట్ల కూడా నిజమైన మిథైలేషన్ ఉంటుంది. అక్కడ ఈ జల్లెడ అసలు సరుకునే పారబోస్తుంది.

రసాయనమే మారితే అమరిక ఏమవుతుంది

బైసల్ఫైట్ డీఎన్ఏను బాగా దెబ్బతీస్తుంది. అందుకే ఎంజైమ్‌లతో అదే పని చేసే ఈఎమ్-సీక్ వచ్చింది. రాతలో ఫలితం ఒకటే, గుర్తు లేని సీ టీ అవుతుంది, కాబట్టి పాత సాఫ్ట్‌వేర్లే పనికొస్తాయి.

2019లో వచ్చిన ట్యాప్స్ పద్ధతి తలకిందులుగా పనిచేస్తుంది. అది గుర్తు ఉన్న సీలనే టీలుగా మారుస్తుంది. వంద అక్షరాలకు మారేది సగటున ఒకటే కాబట్టి మామూలు అమరిక సాఫ్ట్‌వేర్ సరిపోతుంది, నాలుగు అక్షరాలూ నిలబడతాయి. కానీ పది అణువుల లెక్కలోని పాఠం ఇక్కడా వెంటాడుతుంది, దిశ మారుతుంది, అంతే. సీపీజీలు దట్టంగా ఉన్న చోట, మిథైల్ ఉన్న రీడ్‌లో మార్పులు ఎక్కువ. మామూలు సాఫ్ట్‌వేర్ వాటిని తప్పులుగా లెక్కిస్తే, ఈసారి వెనకబడేవి గుర్తు ఉన్న రీడ్లే.

నానోపోర్ యంత్రాలకు ఏ రసాయన మార్పూ అక్కర్లేదు. డీఎన్ఏ పోగు సన్నని రంధ్రంలోంచి జారుతున్నప్పుడు విద్యుత్ ప్రవాహంలో వచ్చే తేడాను బట్టి, మిథైల్ ఉన్న సీని లేని సీ నుంచి శిక్షణ పొందిన కంప్యూటర్ మోడల్ వేరుచేస్తుంది. ఆ మోడల్ చేసే పొరపాట్లు వేరే చర్చ. అమరిక వరకు చూస్తే మాత్రం సీ సీగానే ఉంటుంది, రీడ్ పొడవు వేల అక్షరాలు ఉంటుంది. ఇందాకటి రెండు చోట్లను మళ్లీ తీసుకుందాం. ఒక్క అక్షరం మీద ఆధారపడాల్సిన పని లేదు, ఆ అక్షరానికి అటూ ఇటూ వేల అక్షరాల దూరంలో ఉన్న తేడాలే ఏది ఏ చోటుదో చెబుతాయి. రెండో చోటు నుంచి వచ్చిన పది రీడ్లు రెండో చోటుకే వెళతాయి. మొదటి చోటు నుంచి వచ్చిన పదికి పదీ లెక్కలోకి వస్తాయి, ఐదు మిథైల్ గుర్తుతో, ఐదు అది లేకుండా.